పేరు ఎవరు పెట్టారు?



మన సంఘాల్లో చాలా తేలిగ్గా వాడేసే మాట ఒకటుంది: అవిశ్వాసి. ఆదివారం ఆరాధనకు రావడం మానేసిన కుర్రాడు అవిశ్వాసి. కుటుంబ ప్రార్థనలో కళ్లు మూసుకోని కోడలు అవిశ్వాసి. ప్రశ్న కాస్త గట్టిగా అడిగితే నాస్తికుడు. మరోవైపు చదువుకున్న యువత కొందరు తమకు తామే పేర్లు ఎంచుకుంటున్నారు: హేతువాది, మానవవాది, అజ్ఞేయవాది. నమ్మకం లేకపోవడానికి ఇన్ని పేర్లు అవసరమా? వాటికి అర్థముందా? ఆ పేరు ఎవరు పెట్టారన్నదాన్ని బట్టే జవాబు ఉంటుందని మేం అనుకుంటున్నాం.

ముందు మన చరిత్రే చూద్దాం. రోమా సామ్రాజ్యంలో నాస్తికులు అనిపించుకున్నది క్రైస్తవులే. విగ్రహాలకు బలులు అర్పించలేదు, చక్రవర్తిని దేవుడనలేదు కాబట్టి వాళ్లకు ఆ పేరు పడింది. రెండో శతాబ్దంలో స్ముర్న సంఘపు వృద్ధ అధ్యక్షుడు పోలికార్పు ఆ నింద మీదే ప్రాణం పోగొట్టుకున్నాడు. అసలు 'క్రైస్తవులు' అన్న పేరు కూడా అంతియొకయలో శిష్యులకు వచ్చిందేనని అపొస్తలుల కార్యములు చెబుతుంది. అధికారంలో ఉన్నవాళ్లు పెట్టే పేరు ఎదుటివాడు దేన్ని కాదన్నాడో చెబుతుంది, దేన్ని పట్టుకుని బతుకుతున్నాడో చెప్పదు.

అయితే పేర్లే వద్దనలేం. ప్రభుత్వ దరఖాస్తు ముందు నిలబడ్డవాడికి పేరు కావాలి. మహారాష్ట్రలో కొందరు తాము యేసుక్రీస్తును నమ్ముతున్నామని, కానీ ఏ మతానికీ చెందినవాళ్లం కాదని గెజెట్‌లో ప్రకటించుకోబోతే ప్రభుత్వ ముద్రణాలయం ఒప్పుకోలేదు. 2014లో బొంబాయి హైకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. మతం చెప్పి తీరాలని ఏ అధికారీ బలవంతం చేయరాదని, 'నాకు మతం లేదు' అనడం కూడా రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన మనస్సాక్షి స్వేచ్ఛలో భాగమేనని చెప్పింది. తమిళనాడులోని తిరుపత్తూరులో ఒక మహిళా న్యాయవాది 'కులం లేదు, మతం లేదు' అన్న సర్టిఫికెట్ కోసం ఏళ్ల తరబడి తిరిగి 2019లో సాధించుకున్నారు. 2023లో తెలంగాణ హైకోర్టు, జనన ధ్రువపత్రంలో అలా రాసుకునే వీలు కల్పించాలని ఆదేశించింది.

2011 జనాభా లెక్కల్లో మతం తెలపనివారు సుమారు 28.7 లక్షలు. వీరిలో నిజంగా మతం లేదన్నవారెవరో, గడి ఖాళీగా వదిలినవారెవరో ఆ ఒక్క అంకె చెప్పదు. లెక్కకు రాని మనిషి హక్కు కూడా లెక్కకు రాదు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు వల్ల, క్రైస్తవుడని రాసుకున్న దళితుడు కోల్పోతున్నదేమిటో మనకు తెలుసు. గడిలో ఒక్క మాట ఎంత ఖరీదైనదో మనకు వేరొకరు చెప్పనక్కర్లేదు.

ఇక తానే ఎంచుకుని, దాని బరువు తానే మోసిన పేరు ఒకటుంది. గోరా నాస్తికుడినని చెప్పుకున్నారు, ఆ మాట వల్ల కాకినాడలో కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి అంటరానితనం మీద పోరాడారు. కూతురికి దళిత యువకుడితో పెళ్లి చేశారు. ఆయన కుమారుడు లవణం పెళ్లాడింది మన ఇళ్లలో గర్వంగా తలుచుకునే గుర్రం జాషువా కూతురు హేమలతను. ఆ దంపతులు స్టూవర్టుపురంలో ఏళ్ల తరబడి పనిచేశారు. బ్రిటిష్ ప్రభుత్వం 'నేరస్థ తెగ' అని ముద్ర వేసిన కుటుంబాల కోసం ఏర్పడ్డ ఊరది. దాని తొలి నిర్వహణ సాల్వేషన్ ఆర్మీది. ఒకే ఊరికి ముందు క్రైస్తవులు, తర్వాత నాస్తికులు వెళ్లారు. వెళ్లినవాళ్ల మతం కన్నా, తన నుదుటి మీది ముద్ర తుడిచిందెవరన్నదే ఆ ఊరి బిడ్డకు ముఖ్యం.

కాబట్టి మేం చెప్పేది ఇది. ఎవరైనా 'నేను నాస్తికుడిని' అంటే ఆ మాటను గౌరవిద్దాం, అతని హక్కు కోసం అతనితో నిలబడదాం. కానీ ఎవరూ అడగకుండా మనం ఆ పేరు అతికించవద్దు. సందేహంలో ఉన్న పిల్లవాడికి పేరు పెట్టేస్తే ఆ పేరులోనే స్థిరపడిపోతాడు. పేరుకు ముందు అతని ప్రశ్న విందాం.

ఒక్క విషయం సంఘ పెద్దలకు ప్రత్యేకంగా మనవి చేస్తున్నాం. చెన్నైలోనైనా, బరంపురంలోనైనా, హుబ్లీలోనైనా, యానాంలోనైనా చర్చికి రానివాడు చనిపోతే మొదట వచ్చే ప్రశ్న: సభ్యత్వం ఉందా, చందా కట్టాడా? స్మశానంలో ఆరడుగుల నేల అడుగుతున్న తల్లిని ఆ ప్రశ్న అడగవద్దు. అక్కడ ఆమె కొడుకు విశ్వాసీ కాదు, అవిశ్వాసీ కాదు, ఆమె కొడుకు.

ప్రభువు చెప్పిన ఇద్దరు కుమారుల ఉపమానం గుర్తుందా? వెళ్తానన్నవాడు ద్రాక్షతోటకు వెళ్లలేదు. వెళ్లనన్నవాడు మనసు మార్చుకుని వెళ్లి పనిచేశాడు. తండ్రి ఇష్టం నెరవేర్చింది ఎవరని ప్రభువు అడిగాడు. ఎవరు ఏ పేరుతో పిలిపించుకున్నారని అడగలేదు.