సాయంత్రం 16, పొద్దున 18

సాయంత్రం నాలుగింటికి దోసిట్లోకి తీసుకుంటే వడ్లు గలగలమంటాయి. మీటర్‌లో పోస్తే తేమ 16 శాతం. రైతు కుప్ప చేసి, పట్టా కప్పి నిశ్చింతగా పడుకుంటాడు. మర్నాడు కొనుగోలు కేంద్రంలో అదే కుప్పకు 18 వస్తుంది. పరిమితి 17. ఇక గొడవే. మీటర్‌ తప్పని రైతు అంటాడు, సరిగా ఆరబెట్టలేదని సిబ్బంది అంటారు.

చాలాసార్లు ఇద్దరి తప్పూ ఉండదు. ఎండకు ముందుగా ఆరేది గింజ పైపొర. లోపలి నీరు మెల్లగా బయటికి రావాలి. మీటర్‌ చూసేది గింజ విద్యుత్‌ గుణాన్ని. పైపొర పొడిగా ఉన్నప్పుడు అది తేమను తక్కువ చూపుతుంది. రాత్రంతా కుప్పలో ఉన్నాక లోపలి తేమ పైకి సర్దుకుంటుంది, అంకె పెరుగుతుంది. ఒక్క చుక్క నీరు కొత్తగా చేరకపోయినా సరే.

ఈ కదలికను లెక్కగట్టే ప్రయత్నం పాతదే. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 1949లో పేజ్‌ అనే పరిశోధకుడు మొక్కజొన్న కోసం రాసిన సమీకరణాన్ని ఇప్పుడు వరికీ వాడుతున్నారు. తేమ మొదట జోరుగా తగ్గి, తర్వాత నెమ్మదిస్తుందని అది చెబుతుంది. అందుకే మంచి డ్రయ్యర్‌ ధాన్యాన్ని ఏకబిగిన వేడి చేయదు. కాసేపు ఆరబెట్టి, కొన్ని గంటలు విశ్రాంతినిచ్చి, మళ్లీ ఆరబెడుతుంది. ఆ విశ్రాంతి దొరక్కపోతే లోపలికీ పైకీ ఉన్న తేమ తేడాకు గింజ పగులుతుంది, మిల్లులో నూక అవుతుంది. పగలు కాగే తారురోడ్డు మీద ఆరి, రాత్రి మంచుకు తడిసే వడ్లకు జరిగేది ఇదే. తెలంగాణలో యాసంగి వడ్లను ఎక్కువగా ఉప్పుడు బియ్యంగా మార్చడానికి కారణమూ నూక భయమే.

ఈ ఆరబెట్టే పని ఒకప్పుడు ఇంతగా ఉండేది కాదు. చేతికోత రోజుల్లో పనలు పొలంలోనే ఆరేవి. హార్వెస్టర్‌ వచ్చాక పచ్చి వడ్లు నేరుగా కల్లానికి చేరుతున్నాయి.

అలా 22 శాతం తేమతో వచ్చిన క్వింటాలు వడ్లు 17కు ఆరితే మిగిలేది 94 కిలోలే. పోయిన ఆరు కిలోలూ నీరే. ఆ నీటిని పోగొట్టే పనంతా రైతు మీదే పడింది. మబ్బు పట్టిందంటే ఇల్లంతా పట్టాలు పట్టుకుని రోడ్డెక్కాలి. ఇంత కష్టపడ్డాక ఒక్క గుప్పెడు వడ్లు, ఒక్క అంకె చూసి కుప్పను వెనక్కి పంపడం అన్యాయం.

కుప్ప పైనా, నడుమా, అడుగునా నమూనాలు తీసి, రైతు కళ్లెదుటే సగటు కట్టాలి. సాయంత్రం ఆరిన ధాన్యాన్ని పొద్దున కొలవాలని రైతులకు ముందే చెప్పాలి. వడ్లు ఎక్కువగా వచ్చే మార్కెట్‌ యార్డుల్లో డ్రయ్యర్లు పెట్టాలి. కొనుగోళ్లు మొదలయ్యేలోపే ప్రతి మీటర్‌ను ఓవెన్‌ పరీక్షతో సరిచూడాలి.