ముట్టుకోవద్దన్న పెట్టె

"అమ్మా, నువ్వు దాన్ని ముట్టుకోవద్దు. సంక్రాంతికి వచ్చినప్పుడు నేను చూస్తాలే."

ఫోన్లో మా అబ్బాయి. అప్పటికి నవంబరు రెండో వారం. అంటే సంక్రాంతి దాకా రెండు నెలలు మా ఇంట్లో సిస్టం మూగగా కూర్చోవాలన్నమాట. మా వారు కూడా అదే మాట. "వాడు చెప్పాడు కదా, ఊరుకో. ఉన్నది కాస్తా కాల్చేస్తావు." మా అత్తగారైతే ఇంకో మెట్టు ఎక్కి, "ఆడవాళ్ళు చెయ్యి పెడితే కరెంటు వస్తువులు పాడవుతాయమ్మా" అన్నారు. ఆ మాట అంటూనే ఆవిడ గ్రైండర్ స్విచ్ వేసి పిండి రుబ్బుకుంటున్నారు. అది కరెంటు వస్తువు కాదు కాబోలు!

జరిగింది చెబుతాను. మాది మైపాడు దగ్గర పల్లె. వాన పడితే కరెంటు పోవడం, వచ్చినప్పుడు లైట్లు ఒక్కసారిగా భగ్గున వెలగడం మాకు మామూలే. ఆ రాత్రీ అంతే. పొద్దున బటన్ నొక్కితే లోపల ఫ్యాను తిరుగుతోంది, మానిటర్ మీద మాత్రం ఏమీ రావడం లేదు. పెట్టెలోంచి కీ... కీ... అని పొడుగ్గా ఒకటే కూత. మూడు రోజులకు మా వారు దాన్ని బండి మీద పెట్టుకుని నెల్లూరులో ఒక షాపుకు తీసుకెళ్ళారు. మదర్ బోర్డు పోయిందన్నారట. కొత్తది వేయాలి, ఎలాగూ పాత సిస్టమే కాబట్టి డిస్కు కూడా ఫార్మాట్ కొట్టి శుభ్రంగా ఇస్తామన్నారట. ఈయన సరే అనేసి వచ్చారు.

నాకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. ఆ డిస్కులో మా అమ్మ ఉంది.

అమ్మ పోయే ముందు సంవత్సరం, వంటింట్లో కూర్చోబెట్టి చేపల పులుసు ఎలా పెట్టాలో చెప్పించి ఫోన్లో రికార్డు చేశాను. పదకొండు నిమిషాలు. మట్టి దాకలో పులుసు ఎంత మరగాలి, మామిడికాయ ముక్కలు ఎప్పుడు వేయాలి, గరిటె ఎందుకు పెట్టకూడదు, మధ్యలో మా నాన్న మీద రెండు చురకలు. ఫోన్ మార్చేటప్పుడు దాన్ని సిస్టంలోకి ఎక్కించాను. ఇంకెక్కడా కాపీ లేదు. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. కానీ సరే అని వచ్చిన మనిషికి ఆ పెట్టెలో ఏముందో తెలియదు. ఫార్మాట్ అన్న వాళ్ళు అడగనూ లేదు. ఫోన్ చేయించి, ఏమీ చేయకుండా అలాగే వెనక్కి తెప్పించాను. ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు.

అసలు మానిటర్ వెలగకపోవడానికీ, డిస్కు తుడిచేయడానికీ సంబంధమేమిటి? పొయ్యి వెలగలేదని బియ్యం డబ్బా బోర్లించినట్టు! మదర్ బోర్డు నిజంగా పోయినా డిస్కు విడిగా ఉంటుంది. దాన్ని ఊడదీసి ఇంకో సిస్టంకు తగిలిస్తే, డిస్కు బాగున్నంత వరకు లోపలివన్నీ భద్రంగా దొరుకుతాయి. ఈ ఒక్క ముక్క తెలియక మనలో ఎంతమంది పిల్లల బారసాల ఫొటోలు పోగొట్టుకున్నారో.

ఆ మధ్యాహ్నం నేనే కూర్చున్నాను. ముందు గోడ ప్లగ్ పీకేశాను. పవర్ బటన్ పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకున్నాను, లోపల మిగిలిన కరెంటు దిగిపోవడానికి. నైలాన్ చీర మార్చి నూలు చీర కట్టుకున్నాను. పెట్టె ఇనుప ఒంటిని ఒకసారి చేత్తో తాకాను. మన ఒంట్లో ఉండే చిటపట కరెంటు లోపలి చిప్పులను దెబ్బ తీయకుండా ఈ జాగ్రత్తలు. తర్వాత పక్క మూతకున్న రెండు మరలు విప్పాను. లోపల దుమ్ము, ఒక ఎండిన బల్లి పిల్ల. నవ్వొచ్చింది. 1947లో అమెరికాలో గ్రేస్ హాపర్ అనే ఆవిడ పని చేసే బృందం, మొరాయించిన యంత్రంలో ఇరుక్కున్న చిమ్మెటను తీసి లాగ్ పుస్తకంలో అంటించి పెట్టుకుందట. నాకు బల్లిని అంటించుకునేంత ఓపిక లేదు.

పొడుగ్గా పదే పదే కూస్తోందంటే చాలా సిస్టాల్లో ర్యామ్ గొడవే. కూతల లెక్క కంపెనీని బట్టి మారుతుంది, కానీ మొదట చూడాల్సింది అదే. ర్యామ్ అంటే పెద్ద విషయమేమీ కాదు, జానెడు లోపు పట్టీ. రెండు చివర్లా ఉన్న క్లిప్పులు విడదీస్తే పైకి వచ్చేస్తుంది. దాని అడుగున బంగారు రంగు పళ్ళు ఉంటాయి. ఆ పూత చాలా పల్చన. మన సముద్రపు గాలి సంగతి మీకు చెప్పాలా? కిటికీ ఊచలు రెండేళ్ళకే పొలుసులు రాలుస్తాయి, మూత పెట్టిన ఉప్పు డబ్బా వానాకాలంలో నీళ్ళు కారుతుంది. ఆ గాలిలో ఉన్న ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది. దానికి దుమ్ము తోడై ఆ పళ్ళ మీద పొరలా పేరుకుంటుంది. పట్టీ ఉన్న చోటే ఉంటుంది, తాకిడి మాత్రం సరిగా ఉండదు. పిల్లల పెన్సిల్ రబ్బరుతో ఆ పళ్ళను మెల్లగా రుద్ది, పొడి నూలు గుడ్డతో తుడిచి, రెండు వైపులా టక్ మని పడే దాకా నొక్కాను. రబ్బరు పొడి లోపల పడకుండా పట్టీని బయట పెట్టి రుద్దాలి సుమా.

ప్లగ్ పెట్టాను. ఒక్క చిన్న కూత. తెర వెలిగింది.

ఖర్చు లేదు, ఇరవై నిమిషాల పని. నాకు సంతోషం కంటే ముందు కోపమొచ్చింది.

14.2 కిలోల గ్యాస్ బండను ఒంటి చేత్తో దొర్లించుకొచ్చి రెగ్యులేటర్ బిగించేది మనం. లీకుందేమోనని వాసన చూసేది మనం. కుక్కర్ సేఫ్టీ వాల్వ్ మార్చేదీ, మిక్సీ జార్ కింద రబ్బరు వేసేదీ మనమే. ఇల్లు పేలిపోగల వస్తువులు రోజూ మన చేతుల్లో ఉంటే ఎవరికీ భయం లేదు. ప్లగ్ పీకేసిన రేకు డబ్బా తెరుస్తానంటే మాత్రం ఇంటిల్లిపాదికీ ప్రాణం పోతుంది. వంట పనికి పనికొచ్చే తెలివి మరలు విప్పడానికి పనికిరాదా? 1946 నాటి ఎనియాక్ కంప్యూటర్ ఒక గదంత ఉండేది, అందులో దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు. దాన్ని వైరు వైరుగా కూర్చి లెక్కలు చేయించింది ఆరుగురు ఆడవాళ్ళు. ఏ ట్యూబు పోయిందో కూడా వాళ్ళు కనిపెట్టేవాళ్ళు. పెట్టె చిన్నదై ఇంట్లోకొచ్చేసరికి అది మగపిల్లల సొత్తయింది.

తప్పంతా వాళ్ళదేనా అంటే, కాదు. కోపం తెచ్చుకోకండి, ఈ మాట మీకూ నాకూ కలిపే అంటున్నాను. "నాకేం తెలుసమ్మా, మా వాడే చూస్తాడు" అనడంలో మనకొక సుఖం ఉంది. తెలియదంటే పని తప్పుతుంది, మాట పడనక్కర్లేదు. వాడు ఎదిగాడని గర్వం కూడా. ఇదే నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత క్లాసుల్లో కూర్చుని చదువు నేర్చుకున్న ఆడవాళ్ళు, 1992లో దూబగుంట నుంచి సారా కొట్ల మీదికి వెళ్ళారు. మరుసటి ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధమైంది. వాళ్ళెవరూ ఊళ్ళో మగవాళ్ళు సంక్రాంతికొచ్చి చూస్తారని ఆగలేదు. నా రబ్బరు ముక్కను వాళ్ళ పోరాటం పక్కన పెడుతున్నానని నవ్వకండి. ఆ జిల్లాలో పుట్టి ఒక మూత తెరవడానికి అనుమతి అడిగానే అని నాకు సిగ్గేసింది, అంతే.

షాపు వాళ్ళ పొట్ట కొట్టమని నేననను. తెలిసిన పనివాడి అవసరం ఉంటుంది. ఉదాహరణకు, వెనక వైరు గుచ్చే చోట ఉండే ఎస్.ఎం.పి.ఎస్. డబ్బా జోలికి మాత్రం పోకండి. ప్లగ్ పీకినా అందులో షాక్ కొట్టేంత కరెంటు నిలవుంటుంది, దాన్ని విప్పకూడదు. గడియారం ప్రతిసారీ పాత తేదీకి వెళ్ళిపోతుంటే రూపాయి బిళ్ళలాంటి సి.ఆర్.2032 బ్యాటరీ మార్చుకోవచ్చు, అది మన పనే. షాపుకు ఇవ్వాల్సి వచ్చినా "డిస్కు ముట్టుకోవద్దు" అని కాగితం మీద రాసి, మీ రసీదు మీద సంతకం చేయించుకోండి. ఈసారి ముట్టుకోవద్దనేది మనం.

సాయంత్రం అమ్మ గొంతును రెండు పెన్ డ్రైవుల్లోకి ఎక్కించాను. ఒకటి బీరువాలో, ఒకటి చెల్లెలి దగ్గర. రాత్రి అబ్బాయి ఫోన్ చేసి, "ఎవరొచ్చి బాగుచేశారమ్మా?" అన్నాడు. నేనేరా అంటే, "ఊరికే లూజయి ఉంటుందిలే" అన్నాడు. పక్కనుంచి మా అత్తగారు ఫోన్ లాక్కుని, "లూజూ లేదు గీజూ లేదు, ఉప్పు పట్టింది, మీ అమ్మ రబ్బరుతో తుడిచింది" అని వాడికి వివరంగా చెప్పుకొచ్చారు.