విదేశీ విద్యార్థికి సీటు ఉంది, గది ఏది?

భారతదేశం నుంచి చదువుల కోసం విదేశాలకు వెళ్లినవారి సంఖ్య 2024 నాటికి 13 లక్షలు దాటింది. ఇతర దేశాల నుంచి వచ్చి మన దగ్గర చదువుతున్నవారు మాత్రం, అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం, 2021-22లో 46,878 మంది. అంతకు రెండేళ్ల ముందు ఈ సంఖ్య 49,348. ఈ అంతరాన్ని తగ్గించేందుకు ప్రభుత్వం పలు చర్యలు చేపట్టింది. అయితే మన దేశానికి వచ్చిన విద్యార్థి ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు ఈ ప్రయత్నాలలో తగినంత చోటు దక్కలేదు.

2018లో కేంద్ర ప్రభుత్వం 'స్టడీ ఇన్ ఇండియా' కార్యక్రమాన్ని ప్రారంభించింది. విదేశీ విద్యార్థులున్న ప్రతి ఉన్నత విద్యాసంస్థలో వారి కోసం ప్రత్యేక కార్యాలయం ఉండాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం నిర్దేశించింది. మంజూరైన సీట్లకు అదనంగా 25 శాతం వరకు విదేశీయులకు ప్రవేశం కల్పించేందుకు 2022లో యూజీసీ అనుమతించింది. ఎందరిని చేర్చుకోవాలన్నది తమ మౌలిక వసతులను బట్టి ఆయా సంస్థలే నిర్ణయించుకోవాలి. సీట్లకు జాతీయ స్థాయిలో ఒక లెక్క ఏర్పడింది. గదుల బాధ్యత మాత్రం ఎవరికి వారు చూసుకోవలసినదిగా మిగిలిపోయింది.

హాస్టల్ దొరకకపోతే స్వదేశీ విద్యార్థి కూడా ఇబ్బంది పడతాడు. కానీ అతడికి భాష తెలుసు. నగరంలో బంధువో, ఊరివాడో ఉంటాడు. సెలవులకు హాస్టల్ మూతపడితే రైలెక్కి ఇంటికి వెళతాడు. కాబూల్ నుంచో, ఖార్టూమ్ నుంచో వచ్చిన విద్యార్థికి ఈ ఆసరాలేవీ ఉండవు. పైగా చట్టపరమైన బాధ్యతలు ఉన్నాయి. విదేశీయుడు తమ వద్ద దిగిన 24 గంటల్లోగా హాస్టల్ నిర్వాహకులైనా, ఇంటి యజమాని అయినా అధికారులకు ఆన్‌లైన్‌లో సమాచారం ఇవ్వాలి. 180 రోజులకు మించిన వీసాపై వచ్చిన విద్యార్థి 14 రోజుల్లోగా నమోదు చేయించుకోవాలి. ఆ నమోదుకు చిరునామా కావాలి. చిరునామా కావాలంటే ముందు గది దొరకాలి.

ఈ నిబంధనలు దేశ భద్రత దృష్ట్యా అవసరమైనవే. కానీ ఈ ప్రక్రియ తెలియని ఇంటి యజమాని, ఎందుకొచ్చిన తలనొప్పి అనుకొని తలుపు మూసేస్తాడు. ఆహారపు అలవాట్లు, మతం, శరీర వర్ణం వంటి కారణాలు దానికి తోడవుతాయి. భారత సాంస్కృతిక సంబంధాల మండలి ఉపకార వేతనంతో వచ్చినవారికి ఇంటి అద్దె భత్యం కూడా లభిస్తుంది. చేతిలో అద్దె సొమ్ము ఉన్నంత మాత్రాన ఇల్లు ఇచ్చేవారు దొరుకుతారన్న హామీ లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ విశ్వవిద్యాలయం వంటి సంస్థలకు ఏళ్లుగా విదేశీ విద్యార్థులు వస్తున్న హైదరాబాద్‌కు ఈ సమస్య కొత్తది కాదు.

గది దొరికినంత మాత్రాన సమస్య తీరదని ఇటీవలి రెండు ఘటనలు చాటాయి. 2024 మార్చి 16 రాత్రి అహ్మదాబాద్‌లోని గుజరాత్ విశ్వవిద్యాలయ హాస్టల్‌లో రంజాన్ ప్రార్థన చేస్తున్న విదేశీ విద్యార్థులపై ఒక గుంపు దాడి చేసింది. శ్రీలంక, తజికిస్థాన్‌లకు చెందిన ఇద్దరు విద్యార్థులు ఆసుపత్రి పాలయ్యారు. పోలీసులు అరెస్టులు చేశారు. విదేశీ విద్యార్థులను వేరే హాస్టల్‌కు మార్చాలని విశ్వవిద్యాలయం నిర్ణయించింది.

2025 ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయ హాస్టల్‌లో నేపాల్ విద్యార్థిని మరణించింది. న్యాయం కోరుతూ ఆందోళనకు దిగిన నేపాలీ విద్యార్థులను మర్నాడే హాస్టళ్లు ఖాళీ చేయమన్నారు. కొందరిని కటక్ రైల్వే స్టేషన్ వద్ద దించేశారు. నేపాల్ ప్రభుత్వం స్పందించి తన రాయబార కార్యాలయ అధికారులను అక్కడికి పంపవలసి వచ్చింది. తరువాత యాజమాన్యం క్షమాపణ చెప్పి, విద్యార్థులను తిరిగి రమ్మని కోరింది. మన దేశంలోని విదేశీ విద్యార్థులలో సుమారు 28 శాతం మంది నేపాలీయులే. హాస్టల్ వార్డెన్ గదిలో తీసుకున్న ఒక నిర్ణయం రెండు పొరుగు దేశాల సంబంధాలను ఎంత వేగంగా తాకగలదో ఆ రెండు రోజులు చూపించాయి.

ఇందుకు భిన్నమైన అనుభవం కూడా మన దేశంలోనే ఉంది. పుణెలోని ఫెర్గూసన్ కళాశాలలో అధ్యాపకుడిగా ఉంటూ, హాస్టల్ బాధ్యత చూస్తున్న డాక్టర్ ఎస్.బి. ముజుందార్ ఒకనాడు ఒక యువతి కిటికీ గుండా లోపలికి భోజనం అందించడం గమనించారు. లోపల ఉన్నది కామెర్లతో మంచం పట్టిన మారిషస్ విద్యార్థి. అతడిని చూసుకునేవారు లేరు. ఆ దృశ్యం కలిగించిన ఆలోచనతోనే ఆయన 1971లో విదేశీ విద్యార్థుల కోసం సింబయాసిస్‌ను నెలకొల్పారు. ఇప్పుడు అది విశ్వవిద్యాలయంగా విస్తరించింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం కూడా తన 'స్టడీ ఇన్ ఇండియా' కోర్సుల విద్యార్థుల కోసం టాగోర్ ఇంటర్నేషనల్ హౌస్‌ను నిర్వహిస్తోంది.

అయితే విదేశీయులకు ప్రత్యేక హాస్టల్ కట్టడం ఒక్కటే పరిష్కారమా? సెలవుల్లోనూ తెరిచి ఉండే భవనం, తమకు నచ్చిన వంట చేసుకునే వీలు, కొంత భద్రత దానివల్ల లభిస్తాయి. కానీ నాలుగేళ్లు తమలో తామే గడిపిన విద్యార్థి ఈ దేశాన్ని ఎరగకుండానే వెళ్లిపోతాడు. పక్క గదిలో ఎన్నడూ విదేశీయుడు లేని స్వదేశీ విద్యార్థికి అతడు అపరిచితుడిగానే మిగులుతాడు. అహ్మదాబాద్‌లో కనిపించిన అనుమానం అటువంటి అపరిచితత్వంలోనే పెరుగుతుంది. తొలి ఏడాది ప్రత్యేక వసతి, ఆ తరువాత కోరుకున్నవారికి అందరితో కలిసి ఉండే అవకాశం ఇవ్వడం మేలైన మార్గం.

విదేశాల అనుభవం నుంచీ పాఠం తీసుకోవచ్చు. ఇళ్ల కొరతను ప్రస్తావిస్తూ కెనడా 2024 జనవరిలో విద్యార్థి అనుమతులపై పరిమితి విధించింది. ఆస్ట్రేలియా 2026కు 2,95,000 మంది పరిమితిని ప్రకటిస్తూ, అదనపు స్థానాలు కోరే పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు విద్యార్థి వసతి విషయంలో తమ కృషిని చూపాలని షరతు పెట్టింది. ముందు విద్యార్థులను చేర్చుకొని, తరువాత గదుల కోసం వెతికిన ఫలితమది. ఆ దేశాలకు పిల్లలను పంపిన తెలుగు కుటుంబాలకు ఆ ఇబ్బంది ఎటువంటిదో తెలుసు.

మన దేశంలో విదేశీ విద్యార్థుల సంఖ్య ఇంకా తక్కువగా ఉండడం ఒక విధంగా మంచి అవకాశం. ప్రవేశ పత్రంతో పాటే కనీసం మొదటి ఏడాదికి గది కేటాయింపు జరగాలి. అదనపు సీట్ల సంఖ్యను అందుబాటులో ఉన్న పడకల సంఖ్యతో ముడిపెట్టాలి. బయట అద్దెకు ఇచ్చే యజమానుల తరఫున నమోదు ప్రక్రియను విశ్వవిద్యాలయ కార్యాలయమే పూర్తి చేసి పెట్టాలి. ఎంతటి వివాదం తలెత్తినా, ప్రత్యామ్నాయ వసతి చూపకుండా విదేశీ విద్యార్థిని హాస్టల్ నుంచి పంపరాదన్న నియమం ఉండాలి. ఇక్కడ చదివి వెళ్లినవారు రేపు తమ దేశాలలో అధికారులు, అధ్యాపకులు, వ్యాపారులు అవుతారు. భారతదేశం గురించి వారు తమవారికి చెప్పే మాటలలో తరగతి గదితో పాటు, తాము తలదాచుకున్న గది ప్రస్తావన కూడా తప్పక ఉంటుంది.