చెరువు కట్ట మీద మన అడుగులు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగినప్పుడు పోటీ పరీక్షల గురించి రాద్దామనుకున్నాం. కాని వాటి గురించి ఈ సంచికలో ఎలాగూ ఇద్దరు ముగ్గురైనా రాస్తారు. అందుకే మనలో చాలామంది అసలు విషయంగానే చూడని ఒక విషయాన్ని ఎత్తుకుంటున్నాం. అది నడక. ఇంకా చెప్పాలంటే చెరువు కట్ట మీద పొద్దుటి నడక.

ఇందులో రాయడానికి ఏముంది అని నవ్వకండి. ముందు ఒక సంగతి వినండి.

మేము ఇంటర్ చదివే రోజుల్లో ఒక ఆదివారం పొద్దున్నే నలుగురం కలిసి ఒక చెరువు కట్ట మీదికి పోయాం. ఆ చెరువు పేరు ఇక్కడ అనవసరం. చుట్టూ కొత్త కాలనీలు వచ్చాయి. కట్ట మీద బండలు పరిచి, దీపాలు పెట్టి, కూర్చోవడానికి బెంచీలు వేశారు. మేము చెప్పులతోనే నడుస్తున్నాం. కాసేపు నడిచి కాసేపు ఉరికాం. ఒక పెద్దమనిషి ఆపి, "ఏ కాలనీ పిల్లలయ్యా మీరు?" అని అడిగారు. "హాస్టల్ పిల్లలం సార్" అన్నాం. "ఇది కాలనీవాళ్ళు వాకింగ్ చేసుకునే జాగ. ఆటలాడాలంటే గ్రౌండ్‌కు పోండ్రి" అన్నారు. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. మెల్లగానే చెప్పారు. మేము కూడా ఏమీ అనకుండా తిరిగి వచ్చేశాం. దారిలో ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.

ఆయన మీద మాకు ఇప్పుడు కోపం లేదు. ఆ రోజు మా దగ్గర జవాబు లేకపోవడమే మమ్మల్ని ఇన్నేళ్ళు బాధ పెట్టింది. ఆ జవాబు వెతుక్కోవడానికే ఈ వ్యాసం.

చెరువు కట్ట మీద మొదట నడిచింది ఎవరు? కాకతీయుల కాలం నుంచి మన ప్రాంతం చెరువుల మీద బతికింది. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల పేర్లు పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. తవ్వించిన రాజుల పేర్లు పరీక్షల్లో రాశాం. తవ్వినవాళ్ళ పేర్లు, కాపలా కాసినవాళ్ళ పేర్లు ఏ ప్రశ్నపత్రంలోనూ రాలేదు. ఊరి చెరువుకు నీరటి ఉండేవాడు. తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంత నీళ్ళు పోవాలో చూడడం ఆయన పని. వానాకాలంలో కట్టకు బుంగ పడిందేమో, మత్తడి ఎట్లా దుంకుతున్నదో చూడడానికి రాత్రిపూట కూడా కట్ట పొడుగునా నడిచేవాడు. తెలంగాణ పల్లెల్లో చాలాచోట్ల ఆ పని దళిత కుటుంబాలదే. కూలి అంటే పంట వచ్చాక రైతులు కొలిచే గింజలే. మనలో ఎందరి తాతలో ఈ పని చేశారు. వాళ్ళ నడకను ఎవరూ వ్యాయామం అనలేదు. వాళ్ళు నడిచినన్నాళ్ళు కట్ట తెగలేదు, అంతే.

కాబట్టి "మీరు ఏ కాలనీ?" అని అడిగితే మనం చెప్పాల్సిన మొదటి జవాబు ఇది: ఈ కట్ట మీద కాలనీల కంటే ముందు మా తాతల అడుగులు పడ్డాయి.

రెండో జవాబు బాబాసాహెబ్ చెప్పారు. మహారాష్ట్రలోని మహాడ్ పట్టణంలో చౌదార్ చెరువు ఉంది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే చెరువులు, బావులు అంటరానివాళ్ళు కూడా వాడుకోవచ్చని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానం చేసింది. మహాడ్ మున్సిపాలిటీ కూడా 1924లో ఒప్పుకున్నది. కాని కాగితం మీది హక్కు కాగితం మీదనే ఉండిపోయింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో ఊరేగింపుగా ఆ చెరువు దాకా నడిచి నీళ్ళు తాగారు. తర్వాత దెబ్బలు తిన్నారు, కోర్టు కేసు నడిచింది, 1937లో బొంబాయి హైకోర్టులో గెలిచారు. హక్కు రాసి ఉంటే సరిపోదు, కాళ్ళతో నడిచి దాన్ని వాడుకోవాలి అని ఆ రోజు మనకు నేర్పారు. మనం ఏటా ఏప్రిల్ 14న ఆయన ఫోటోకు దండ వేస్తాం. మంచిదే. కాని మన ఊరి చెరువు దగ్గర ఒక మాట అంటే తలవంచుకొని తిరిగి వస్తే ఆ దండకు అర్థమేముంది?

ఇప్పుడు మన సంగతి కూడా మాట్లాడుకోవాలి. తప్పు అంతా ఎదుటివాళ్ళదే అనడం మాకిష్టం లేదు.

మనకు నడక అంటే చిన్నచూపు. ఎందుకంటే మనం ఇష్టపడి నడవలేదు, గతిలేక నడిచాం. బస్సు లేని ఊరి నుంచి బడికి నడిచాం. పాసు చెల్లదని దింపేస్తే నడిచాం. అందుకే నాలుగు పైసలు చేతికి రాగానే మనం చేసే మొదటి పని బండి కొనడం. హాస్టల్ నుంచి వెళ్ళి ఉద్యోగాల్లో కుదిరిన అన్నలు కొందరు సందు చివర కిరాణా కొట్టుకు కూడా బండి మీదనే పోతున్నారు. నడిచేవాడు పేదవాడు, బండి ఉన్నవాడు బాగుపడ్డవాడు అనే లెక్క మన బుర్రలో గట్టిగా కూర్చుంది.

ఇంట్లో చెప్తే అమ్మలు నవ్వుతారు. "పొద్దంత నాటేసి వచ్చినోళ్ళకు మల్ల నడుసుడు ఎందుకు బిడ్డా? కూసొని తినేటోళ్ళకు గావాలె గని" అంటారు. అమ్మ మాట అమ్మ విషయంలో నిజమే. పొలంలో వంగి వంగి అలసిన మనిషిని వాకింగ్‌కు రమ్మనడం అన్యాయం, ఆమెకు కావలసింది విశ్రాంతి. కాని మన విషయంలో అది నిజం కాదు. మనం కూర్చొని చదివేవాళ్ళం. రేపు కూర్చొని పని చేసేవాళ్ళం. ఇంట్లో మొదటిసారి కుర్చీ ఎక్కిన తరం మనది. కుర్చీతో పాటు వచ్చే జబ్బులు కూడా మన ఇంటికి మొదటిసారి వస్తాయి.

మాలో ఒకరి నాన్న సంగతే చెప్తాం. ఊళ్ళో ఉన్నన్నాళ్ళు వ్యవసాయ కూలీ. నీళ్ళు లేక, పని లేక హైదరాబాద్ పోయి ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా కుదిరారు. పొద్దంతా గేటు దగ్గర కూర్చోవడమే పని. కొన్నేళ్ళకు షుగర్ వచ్చింది. డాక్టరు రోజూ అరగంట నడవమన్నారు. అపార్ట్‌మెంట్ ఎదురుగానే చెరువు, దాని చుట్టూ చక్కని వాకింగ్ ట్రాక్. కాని అపార్ట్‌మెంట్ వాళ్ళంతా నడిచే వేళకు ఆయన గేటు తీయాలి, కార్లు కడగాలి. ఆయనకు వీలయ్యేది రాత్రి పదకొండు దాటాకనే. అప్పటికి ట్రాక్ గేటుకు తాళం పడుతుంది. అందుకని సెల్లార్‌లో కార్ల మధ్యనే ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నడుస్తారు. నడకకు పైసలు ఖర్చు కావంటారు. నిజమే. కాని నడవడానికి జాగ కావాలి, వేళ కావాలి. ఆ రెండూ అందరికీ సమానంగా లేవు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్ళు కదిలించాలి. పెద్దవాళ్ళు వారానికి 150 నుంచి 300 నిమిషాలు చురుగ్గా నడవడం వంటి వ్యాయామం చేయాలి. చురుగ్గా అంటే ఎంత అని తమ్ముళ్ళు అడుగుతారు. పక్కవాడితో మాట్లాడగలగాలి, కాని పాట పాడలేకపోవాలి. అదే కొలత. దానికి చేతి గడియారమూ అక్కరలేదు, ఖరీదైన బూట్లూ అక్కరలేదు. రోజూ పది వేల అడుగులు అనే మాట కూడా 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పరికరం పేరు నుంచి వచ్చింది. పది వేలు కాలేదని మానేయకండి. ఎంత నడిస్తే అంత మేలు.

మన హన్మకొండ వాళ్ళకు ఈ విషయంలో అదృష్టం ఉంది. వడ్డేపల్లి చెరువు ఉంది, భద్రకాళి చెరువు ఉంది. ఇవి నగరానికి తాగునీళ్ళిచ్చిన చెరువులు కూడా. చుట్టూ ఇళ్ళు పెరిగినా పొద్దున్నే కట్ట మీద నిలబడితే నీళ్ళ మీది నుంచి వచ్చే గాలి ఏ కాలనీదీ కాదు. కొండ ఎక్కాలంటే పద్మాక్షి గుట్ట ఉంది. గుట్ట పైన రాతిలో చెక్కిన జైన శిల్పాలు ఉన్నాయి. చరిత్ర పాఠం, వ్యాయామం ఒకేసారి అవుతాయి. సైకిల్ ఉంటే ఆదివారం పొద్దున ధర్మసాగర్ చెరువు దాకా పోయి రావచ్చు.

గుట్ట ఎక్కడం మనకెందుకు అనేవాళ్ళు మాలావత్ పూర్ణను తలుచుకోండి. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామంలో కూలీల బిడ్డ. మనలాగే సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఎవరెస్ట్ ఎక్కింది. ఆమెతో పాటు ఖమ్మం జిల్లాకు చెందిన మరో గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. వాళ్ళు మొదట ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి కోట బండ మీద. రైలులో పోతూ మనం కిటికీలోంచి చూసే బండే అది. అందరం ఎవరెస్ట్ ఎక్కలేం. ఇంటి పక్కన గుట్ట అయినా ఎక్కుదాం.

చెల్లెళ్ళ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బాలుర హాస్టల్ వాళ్ళకు కట్ట మీద ఒక మాట అడ్డం వస్తే, బాలికల హాస్టల్ వాళ్ళకు గేటే అడ్డం. భద్రత పేరుతో సాయంత్రం బడి నుంచి వచ్చాక మళ్ళీ పొద్దున బడికి పోయేదాకా లోపలే ఉంచుతారు. భద్రత కావాలి, కాదనం. కాని గోడల మధ్య కూర్చోబెట్టడం ఒక్కటే భద్రత కాదు. 1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు వేలమంది గ్రామీణ మహిళలు సైకిల్ తొక్కడం నేర్చుకున్నారు. మొదట్లో నవ్వినవాళ్ళు, మాటలన్నవాళ్ళు తర్వాత అలవాటు పడ్డారు. గుంపుగా బయటికి వచ్చిన ఆడవాళ్ళను చూసి ఊరే మారింది. ఇరవై మంది చెల్లెళ్ళు ఒక టీచరమ్మతో కలిసి కట్ట మీద నడిస్తే మన ఊరు కూడా మారుతుంది.

మరి కట్ట మీద నడిచే కాలనీవాళ్ళు మనకు శత్రువులా? కాదు. ఇది గట్టిగా చెప్పాలనుకున్నాం. ఆయకట్టు పొలాలు ప్లాట్లు అయిపోయాక చెరువును పట్టించుకునే రైతు లేడు, నీరటి లేడు. చెరువులో మట్టి పోసి కబ్జా చేస్తుంటే, మురుగు కలుస్తుంటే ముందుగా చూసేది పొద్దున్నే నడిచేవాళ్ళే. పెద్ద వయసులో పట్టుదలగా నడిచే వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది. మనం కోరేది వాళ్ళను దింపడం కాదు, వాళ్ళ పక్కన నడవడం. చెరువుకు కొత్త నీరటులు కావాలి. ఆ పని మన తాతలది, మనకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది?

అందుకని మా విన్నపాలు నాలుగు.

వార్డెన్ సార్లకు, మేడమ్‌లకు: వారానికి మూడు రోజులు పొద్దున ఒక గంట పిల్లలను చెరువు కట్టకు పంపండి. పెద్ద తరగతి వాళ్ళను బాధ్యులుగా పెట్టండి. బాలికలకూ ఇదే ఏర్పాటు చేయండి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు: మీ ఇళ్ళల్లో మూలకు పడి ఉన్న సైకిళ్ళు హాస్టల్‌కు ఇవ్వండి. వాటితో పాటు గాలి పంపు ఒకటి, పంక్చర్ సామాను ఒకటి. ఐదు సైకిళ్ళున్నా యాభై మంది వంతులవారీగా తొక్కుతారు. వీలైన ఆదివారం మీరూ వచ్చి తమ్ముళ్ళతో నడవండి. బండి రోడ్డు మీదనే ఆపి రండి.

తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు: గుంపుగా వెళ్ళండి. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడి పక్కన నడవండి. చీకటి ఉండగా పోతే తెల్లని బట్టలు వేసుకోండి. ఈత రాకుండా, పెద్దవాళ్ళు లేకుండా నీళ్ళల్లోకి దిగవద్దు. ఏటా మన వయసు పిల్లలే మునిగిపోతున్నారు. కట్ట మీద చెత్త వేయకండి. మనల్ని వేలెత్తి చూపించే అవకాశం ఎవరికీ ఇవ్వకండి.

కాలనీ పెద్దలకు: ఈ సంచిక మీ చేతికి వస్తుందో రాదో తెలియదు. వస్తే ఒక్క మాట. చెప్పులతో ఉరికే పిల్లలు కట్ట మీద కనిపిస్తే ఏ కాలనీ అని అడగకండి. ఏం చదువుతున్నారు అని అడగండి. మేము సంతోషంగా చెప్తాం.

మేము మొన్న ఆ చెరువు కట్ట మీదికి మళ్ళీ పోయాం. ఈసారి ఇద్దరం హాస్టల్ తమ్ముళ్ళను కూడా తీసుకుపోయాం. ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాం, మళ్ళీ వెనక్కి నడిచాం. ఎవరూ ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండు అనిపించింది, ఎందుకంటే ఈసారి మా దగ్గర జవాబు ఉంది.

వచ్చే ఆదివారం పొద్దున ఐదున్నరకు హాస్టల్ గేటు దగ్గర కలుద్దాం. చెప్పులైనా సరే, రండి.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో. జై భీమ్.