చెట్టులో మందున్నది, చెట్టే మందు కాదు

నేను ఇంకా ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజులలో నలభై అయిదేళ్ల గృహిణి ఒకరు రొమ్ములో గడ్డతో నా వద్దకు వచ్చారు. గడ్డ చేతికి తగిలి అప్పటికే ఎనిమిది నెలలు గడిచాయి. మొదట రేగుపండంత ఉండేదట. నొప్పి లేదు కనుక ప్రమాదమూ లేదనుకున్నారు. పెరగసాగిన తరువాత బంధువు ఒకరి మాట విని ఆకుపసరు తాగారు, పసుపు ముద్ద కట్టారు. నేను చూసేనాటికి గడ్డ పైచర్మం పుండయినది. వ్యాధి చంకలోని గ్రంథులకు పాకినది. “కీమో ఇస్తే మనిషి దక్కదన్నారండీ. చెట్టు మందయితే హాని ఉండదు కదా అని...” అంటూ ఆమె భర్త తలదించుకున్నారు.

ఆమెకు మేము సెలైన్‌లో కలిపి ఎక్కించిన మందులలో ఒకటి పాక్లిటాక్సెల్. అది చెట్టు బెరడులో దొరికిన మందేనని ఆ దంపతులకు తెలియదు. చెప్పవలసిన మేమూ చెప్పలేదు. ఆ లోటు తీర్చుకొనుటకే ఈ వ్యాసం.

1962లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు అడవులలో పసిఫిక్ యూ అనే చెట్టు బెరడును సేకరించారు. క్యాన్సర్‌ను అణచగల పదార్థాల కోసం వేలాది మొక్కలను జల్లెడ పట్టిన ప్రభుత్వ కార్యక్రమంలో అదొక భాగం. ఆ బెరడు నుండి అసలు పదార్థాన్ని వేరుచేసి, దాని నిర్మాణాన్ని 1971లో లోకానికి వెల్లడించినవారిలో మన్‌రో వాల్‌తో పాటు భారతదేశంలో పుట్టిన మన్సుఖ్ వాని ముఖ్యులు. అది కణంపై ఎట్లా పనిచేస్తుందో 1979లో సూసన్ హార్విట్జ్ కనుగొన్నారు. రొమ్ము క్యాన్సర్‌కు వాడుటకు అమెరికాలో అనుమతి లభించినది 1994లో. బెరడు నుండి రోగి వరకు ముప్పది రెండేళ్ల ప్రయాణమది.

మన పెరటి మొక్కకూ ఇటువంటి కథే ఉన్నది. బిళ్ళగన్నేరు ఆకుల కషాయం మధుమేహానికి మంచిదని కరీబియన్ దీవులలో ప్రజలు నమ్మేవారు. 1950ల నాటికి కెనడా పరిశోధకులు ఆ ఆకులను ఎలుకలపై పరీక్షించారు. చక్కెర తగ్గలేదు, రక్తంలోని తెల్లకణాలు తగ్గాయి. ఆ ఆశ్చర్యం నుండి విన్‌బ్లాస్టిన్ పుట్టినది. ఆ కుటుంబానికే చెందిన వినోరెల్బిన్‌ను ముదిరిన రొమ్ము క్యాన్సర్‌లో నేటికీ వాడుతున్నాము. గమనించండి: ప్రజల నమ్మకం మొక్కను చూపినది, కాని వ్యాధిని తప్పుగా చెప్పినది. సరిదిద్దినది పరీక్ష.

ఈ మందులు చేసే పని ఏమిటి? కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరొక వైపుకు లాగే సన్నని పోగులు ఏర్పడి, పని ముగియగానే విడిపోతాయి. బిళ్ళగన్నేరు మందు ఆ పోగులను ఏర్పడనీయదు. యూ చెట్టు మందు విడిపోనీయదు. ఎట్లయినా కణం చీలలేక నశిస్తుంది. జుట్టు కుదుళ్లలో, ఎముక మజ్జలో వేగంగా పెరిగే మంచి కణాలకూ ఈ దెబ్బ తగులుతుంది. అందువలననే జుట్టు రాలడం, తెల్లకణాలు తగ్గడం. చెట్టు మందుకు హాని లేదన్న మాట ఇక్కడే వీగిపోతున్నది. యూ ఆకులు తిన్న పశువులు చనిపోతాయి. విషాన్ని మందుగా మార్చేది మోతాదు. మోతాదును నిర్ణయించేది రోగులపై ఓపికగా జరిపిన పరీక్ష.

“పసుపులోని కర్క్యుమిన్ క్యాన్సర్ కణాలను చంపుతుందని చదివాము” అని మీరు అనవచ్చు. నిజమే, గాజుపాత్రలోని కణాలను చంపుతుంది. అయితే నోటి ద్వారా తీసుకున్న కర్క్యుమిన్ రక్తంలోకి చేరేది అత్యల్పం. పైగా 2019లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, కర్క్యుమిన్ మాత్రలు వాడిన స్త్రీల రక్తంలో టామాక్సిఫెన్ మందు స్థాయి తగ్గినది. కూరలో వేసే చిటికెడు పసుపును గూర్చి కాదు నేను చెప్పేది. మందు పేరిట మింగే మాత్రలను గూర్చి.

ఆలస్యానికి చెల్లించే మూల్యం చిన్నది కాదు. ఇతర అవయవాలకు పాకని దశలోనే ఉన్నా, ప్రామాణిక చికిత్సను కాదని ప్రత్యామ్నాయ వైద్యాన్ని మాత్రమే ఎంచుకున్నవారిని యేల్ విశ్వవిద్యాలయ వైద్యులు పరిశీలించారు. వారిలో రొమ్ము క్యాన్సర్ రోగులకు మరణించే ప్రమాదం, చికిత్స పొందినవారితో పోలిస్తే, అయిదు రెట్లకు మించి ఉన్నట్లు 2018లో ప్రచురించారు.

తప్పు రోగులదే అనను. “ఆకులూ అలములూ” అని మేము ఎగతాళి చేసినప్పుడల్లా రోగి తాను వాడుతున్నదానిని మా వద్ద దాచుకున్నాడు. “ఇంకా ఏమి వాడుతున్నారమ్మా?” అని నిందించకుండా అడుగుట ప్రతి వైద్యుని విధి. చెట్టు మీద ప్రజలకున్న నమ్మకం అవమానించదగినది కాదు. ఆ నమ్మకమే వేలాది మొక్కలను నేటికీ పరిశోధకుల ముందుంచుతున్నది. ఆ పరిశోధనకు మన దేశం మరింత ధనం, శ్రద్ధ కేటాయించాలని నా కోరిక. కాని పరీక్ష ముగియని మొక్కకు మీ ఇంటి ఇల్లాలిని పరీక్షా పాత్ర చేయవద్దు.

పాఠకులారా, రొమ్ములో గానీ చంకలో గానీ కొత్తగా గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోనికి లాగుకొనినా, దాని నుండి రక్తం కారినా, నొప్పి లేదని ఊరుకొనక వెంటనే వైద్యునికి చూపించండి. ఏ ఆకు, ఏ చూర్ణం వాడుతున్నా దాచకుండా చెప్పండి. కీమో అంటే భయపడే బంధువు మీకుంటే ఈ యూ చెట్టు కథ వినిపించండి.

ఆనాటి ఆ తల్లి చికిత్స పూర్తిచేసుకొని మరి రెండేళ్లు జీవించారు. ఆమె రేగుపండంత గడ్డతో వచ్చి ఉంటే అన్న ఆలోచన విశ్రాంత జీవితంలోనూ నన్ను వదలలేదు.