భోగిమంటలో ఏం వేస్తున్నాం?

సంక్రాంతి వస్తోందంటే మా గోదావరి జిల్లాల్లో ఇల్లు దులపడం ఓ పెద్ద యజ్ఞం. అటక మీద సామానంతా కిందికి దిగుతుంది. పనికిరానిది భోగిమంటలోకి, కాస్త బరువున్నది పాతపేపర్లవాడి తక్కెడలోకి. నేనూ అదే చేశాను. మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలోని ఉత్తరాలు, చిట్టాపుస్తకాలు కిలోల లెక్కన అమ్మేశాను. చెదలు పట్టిన కాగితాలు ఇంకెందుకులే అనుకున్నాను.

పెట్టె అడుగున అతుక్కుపోయి ఒక్క పుస్తకం మిగిలింది. తెరిచి చూద్దును కదా, “పాలమనిషి కూతురి పరీక్ష ఫీజు 12 రూపాయలు. ఇంట్లో చెప్పలేదు” అని ఉంది. నా గుండె ఝల్లుమంది. అమ్మిన వాటిలో ఇలాంటివి ఇంకెన్ని పోయాయో!

అమ్మమ్మ చాటుగా పదో పరకో ఇచ్చిన మనిషి. మరి వేలూ లక్షలూ ఇచ్చినవాళ్ళ కాగితాలో? మన పిఠాపురం మహారాజా సూర్యారావు బహదూర్ గారినే (1885-1964) తీసుకోండి. కాకినాడ కాలేజీకి అండ ఆయనే. 1904 నుంచి 1919 వరకు అక్కడ ప్రిన్సిపాల్‌గా ఉండి, ఆడపిల్లల్ని చేర్చుకుని, తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరైన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు ఆయనకు గురువు. కవులను, వైణికులను ఆదరించారు. 1936లో మొదటి సంపుటం వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆయన పేరిటిదే.

నిఘంటువు బీరువాలో ఉంటుంది, కాలేజీ కళ్ళెదురుగా ఉంటుంది. కానీ ఇలాంటి దాతల గుమ్మంలోకి వచ్చిన ఉత్తరాల మాటేమిటి? ఫీజు కట్టలేని పిల్లవాడు, అచ్చుకు డబ్బు లేని కవి, నిలువనీడ లేని వితంతువు... దాత కాగితాలంటే దాత గొప్ప ఒక్కటే అనుకుంటాం. నన్నడిగితే అది అడిగినవాళ్ళ చరిత్ర! ఎవరికి ఇచ్చారు, ఎవరికి లేదన్నారు అన్నది శిలాఫలకం మీద ఉండదు కదా.

1948 చట్టంతో జమీందారీలు పోయినప్పుడు భూమి లెక్కలు సర్కారు లెక్కల్లోకి ఎక్కాయి. మన ఇళ్ళల్లోనూ అంతే. దస్తావేజులు ఇనప్పెట్టెలో, ఉత్తరాలు అటక మీద! ఆస్తి కాగితాల్లో ఆడవాళ్ళ పేర్లు అరుదు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా మన రాష్ట్రంలో 1985 నుంచి కదా అమల్లోకి వచ్చింది! అంతకుముందు ఆడవాళ్ళ పేరు, చేతిరాత, మనసు ఉన్నవి ఆ ఉత్తరాల్లోనే, ఆ పద్దుల్లోనే. వాటినీ తగలేస్తే మన అమ్మమ్మలు ఉన్నట్టు రుజువేది?

“అయినా సొంత ఉత్తరాలు పరాయివాళ్ళు చదవడమేమిటి?” అంటారు కొందరు. నిజమే. ఇంటి గుట్టు అనుకున్నవి విడిగా కట్టి, ఎప్పటిదాకా విప్పకూడదో పైన రాసి పెట్టండి. అంతేగాని మంటలో వేయడం దానికి మందు కాదు.

పెద్ద ఖర్చేమీ లేదు. తేమ పట్టని చోట, ఉతికిన నూలుబట్టలో చుట్టి పెట్టండి. ఎవరు రాశారో, ఏ ఊరో, ఏ సంవత్సరమో ఓ చీటీ మీద రాయండి. ఇంట్లో దాచలేకపోతే తీసుకునే గ్రంథాలయం ఏదైనా ఉందేమో అడగండి.

ఈ భోగికి మంటలో విరిగిన కుర్చీ వేద్దాం. ఉత్తరాల కట్టను మాత్రం ఓసారి విప్పి చూద్దాం. నేను చూడకుండా అమ్మేశాను. మీరలా చేయకండి, ఏం?