ఆర్వీకి 5 వాట్ల సోలారా?

అమెరికాలో చలికాలం ఆర్వీని (వంటిల్లూ మంచాలూ ఉన్న బండి లెండి) మూలన పెట్టి, దానికో 5 వాట్ల సోలార్ పానెల్ తగిలించి నిశ్చింతగా ఉంటారు కొందరు. నాకైతే లెక్క కుదరట్లేదు. గ్యాస్ డిటెక్టర్ లాంటివి కరెంటు తాగుతూనే ఉంటాయి కదా! అన్నీ కలిపి 0.1 ఆంపియర్ అనుకున్నా రోజుకి 2.4 ఆంపియర్-అవర్లు. రెండు గంటల మంచి ఎండకి ఆ పానెల్ ఇచ్చేది మహా అయితే 0.8. అంటే 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ రెండు నెలల్లో ఖాళీ. ఖాళీ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 10 డిగ్రీల దగ్గరే గడ్డకట్టి పగిలిపోవచ్చు. నిండుగా ఉన్నదైతే మైనస్ 50కి కూడా కట్టదు.

నన్నడిగితే ముందు డిస్కనెక్ట్ స్విచ్ తిప్పాలి. అప్పుడు బ్యాటరీ తనంతట తాను పోగొట్టుకునేది నెలకి సుమారు 5 శాతమే, దానికి ఈ బుల్లి పానెల్ బోలెడు. పానెల్ వైర్లు మాత్రం స్విచ్‌కి బ్యాటరీ వైపు ఉండాలి.

బండిని షెడ్డు కింద పెట్టి పైన పానెల్ బిగించేవాళ్ళ సంగతి మాత్రం నాకిప్పటికీ అర్థం కాదు :)